లింబయ్య ఒట్టు

"బీడీ, సిగరెట్టు ఏమన్నా తాగుతవా అన్నా?" అని పిల్లల డాక్టరమ్మ అడిగితే, "అయ్యో, ముట్ట మేడం" అని లింబయ్య తల అడ్డంగా ఊపాడు. తలతో పాటు కుడి చెవి మీది బీడీ కూడా ఊగింది.

అది అక్కడుందన్న సంగతే అతనికి గుర్తులేదు. ఆటో నడిపేవాళ్ళకు చెవి ఒక అలమర. పొద్దున బోధన్ బస్టాండు దగ్గర పెట్టుకున్న బీడీ ఎడపల్లి దాటి, జానకంపేట దాటి, నిజామాబాద్ ఖలీల్‌వాడి సందులోని దవాఖానా దాకా అతనితోపాటే టికెట్టు లేకుండా వచ్చింది. డాక్టర్ శైలజ లేచి, మెల్లగా దాన్ని చెవి మీదినుంచి తీసి, బల్ల మీద ఛాతీ వినే గొట్టం పక్కన పెట్టింది.

"మరి ఇదెవరిది?"

"ఎవలో వెట్టిండ్రు మేడం."

"నీ చెవి మీద ఎవరు పెడతరు అన్నా?"

లింబయ్య కాసేపు ఆలోచించాడు. "ప్యాసింజర్లు" అన్నాడు.

మంచం మీద కూర్చున్న ఏడేళ్ళ హర్షిణి పకపక నవ్వింది. నవ్వు సగంలోనే దగ్గుగా మారి, దగ్గు పోయి పిల్లికూతలు మొదలయ్యాయి. ఛాతీలో ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు. ఆ పిల్లను అక్కడికి తెచ్చింది ఆ ఈల కోసమే.

డాక్టరమ్మ ఇటు తల్లి వైపు తిరిగింది. "ఇంట్లో బీడీలుంటయా అమ్మా?"

"ఉంటయి మేడం" అంది గంగమణి.

"ఎన్నుంటయి?"

"ఇయ్యాల ఏడెనిమిది వందలుంటయి."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఎవరు తాగుతరమ్మా గన్ని?"

"ఎవలు దాగరు మేడం. నేను జేస్త."

ఈ ముచ్చట గంగమణి మా గల్లీలో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చాట ఒళ్ళో పెట్టుకుని, చేతులు బీడీలు చుడుతుంటే నోరు ఈ కథ చెప్పేది. ప్యాసింజర్లు అనే మాట దగ్గర చేతులు ఆపి మరీ నవ్వేది. అప్పట్లో నవ్వేది.

లింబయ్యకు బీడీ నేర్పింది స్నేహితులు కాదు, సినిమాలు కాదు. తండ్రి చంద్రయ్య. ఆ నేర్పడం కూడా చెడగొట్టాలని నేర్పింది కాదు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో చెరుకు బండ్లు గేటు ముందు బారులు తీరేవి. తమ వంతు వచ్చేదాకా ఎడ్లకింత గడ్డి వేసి, గొంగడి కప్పుకుని, మొగవాళ్ళంతా బండ్ల కింద కూర్చునేవాళ్ళు. ఎక్కడో ఒకచోట చెరుకాకు మంట ఉండేది. "లింబా, జర అంటించుకరా పో" అని చంద్రయ్య కొడుకు చేతికి బీడీ ఇచ్చేవాడు. బీడీకి నిప్పు చూపిస్తే చాలదు. నోట్లో పెట్టుకుని గుంజితేనే అంటుకుంటుంది, మంట దగ్గరినుంచి బండి దాకా వచ్చేలోపు ఆరిపోకుండా మధ్యలో ఇంకోసారి గుంజాలి. తండ్రికి ఎర్రటి కొనతో బీడీ అందించడం ఆ పిల్లవాడు చేసిన మొదటి కొలువు. శభాష్ అనిపించుకున్న మొదటి పని కూడా అదే. ఇక ఎలా మానతాడు?

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు చెరుకును వదిలి వరి మళ్ళలోకి మళ్ళాయి. చంద్రయ్య ఎడ్లను అమ్మేశాడు. లింబయ్య కొన్నాళ్ళు ఎవరిదో ట్రాక్టరు తోలి, ఆఖరికి ఆటోలో కుదురుకున్నాడు. వేల్పూర్ నుంచి గంగమణిని చేసుకున్నాడు. బీడీల కార్డున్న పిల్ల అంటే మా దిక్కు చిన్నపాటి ఉద్యోగస్తురాలి కిందే లెక్క. పీఎఫ్ ఉంటుంది, ముసలితనంలో పింఛను వస్తుందన్న ధీమా ఉంటుంది. పదేళ్ళ పిల్లగా తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరించడం నేర్చుకున్న మనిషి ఆమె. మాట్లాడుతూ, తిడుతూ, కునుకు తీస్తూ కూడా చుట్టగలదు. "నా కోడలి చేతి బీడీ నడుమల ఆరది" అని చంద్రయ్య ఊరంతా చెప్పుకునేవాడు. కార్ఖానాలో వంకరగా ఉన్నాయని తీసి పారేసినవి మామకు, మొగుడికి. అలా ఆ ఇంట్లో బీడీ అంటే తిండి పెట్టేదీ అదే, తినేదీ అదే.

హర్షిణి పెళ్ళయిన చాన్నాళ్ళకు పుట్టింది. రెండు కాన్పులు నిలవక, మూడోది నిలిచింది. అందుకే ఆ పిల్ల దగ్గితే ఇంట్లో ముగ్గురూ లేచి కూర్చునేవాళ్ళు. లేచి కూర్చుని, ఇద్దరు మొగవాళ్ళు కంగారుకు చెరొక బీడీ ముట్టించేవాళ్ళు.

డాక్టర్ శైలజకు ఒక అలవాటు ఉంది. పిల్లకు మందు రాసి పంపించేయదు. "పిల్లకు ఒక చీటి, నీకొక చీటి" అంది లింబయ్యతో. తిట్టలేదు. క్యాన్సర్ బొమ్మలు చూపించలేదు. బయట తాగి వచ్చినా పొగ అంగికి, గొంగడికి, వెంట్రుకలకు పట్టుకుని ఇంట్లోకి వస్తుందని చెప్పింది. నమిలే గమ్ము రాసిచ్చింది. బీడీ మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి మెల్లగా నమిలి, చెంపకు ఆనించి పెట్టుకొమ్మంది.

"ఇంకోటి చెప్త విను లింబన్నా. మధ్యల జారుతవు, మళ్ళ ఒకటి ముట్టిస్తవు. అందరు జారుతరు. జారితే వచ్చి నాకు చెప్పు. నేను కొట్ట, తిట్ట. దాస్తే మాత్రం పిల్లకు ఏ మందు ఇయ్యాల్నో నాకు తెల్వదు."

లింబయ్యకు ఈ మాట తేలిగ్గా తోచింది. మొగవాడు మానాలంటే గమ్ములు, జారుడులు ఏమిటి? లేచి నిలబడి, హర్షిణి తల మీద చెయ్యి పెట్టాడు.

"నా బిడ్డ మీద ఒట్టు మేడం. ఇగ ముట్ట."

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. "ఒట్టెందుకు అన్నా? ఒట్టు పెట్టుకుంటే రేపు జారినప్పుడు చెప్పవు."

"జారితే గద మేడం చెప్పేది" అన్నాడు లింబయ్య.

బల్ల మీది బీడీని అక్కడే వదిలేసి, బయటికి వచ్చి, మూతి తుడుచుకున్నాడు.

ఆ మాట బోధన్ చేరేసరికి గల్లీలో అతనికి పేరొచ్చింది. బిడ్డ మీద ఒట్టు పెట్టుకోవడమంటే మాటలు కాదు. పక్కింటి ముత్తవ్వ తన అరుగు మీదినుంచే తీర్పు చెప్పేసింది. "బిడ్డ మీద ఒట్టు వెట్టినోడు తప్పితే బిడ్డకే దాకుతది. లింబడు ఇగ సచ్చినా తాగడు."

నిజంగానే తాగలేదు. గమ్ము నమలడం మొదట్లో రాలేదు. పాన్ నమిలినట్టు నమిలి, రసం మింగి, ఎడపల్లి దాకా ఎక్కిళ్ళతో ఆటో తోలాడు. వెనక కూర్చున్న, మహారాష్ట్ర సరిహద్దు సాలూర ఆడవాళ్ళు మరాఠీలో ఏదో అనుకుని నవ్వితే, ఎక్కిళ్ళ మధ్యనే వాళ్ళమీద కోప్పడ్డాడు. కొత్తగా మానిన వాళ్ళందరిలాగే కొన్నాళ్ళు లోకం మీద కోపంగా తిరిగాడు. తోటి ఆటోవాళ్ళను "ఏంరా, పిల్లలు లేరార మీకు?" అని గద్దించాడు. చంద్రయ్యను గల్లీ చివరి కరెంటు స్తంభం దగ్గరికి పంపించాడు. ముసలాయన కొడుకు బడిపంతులయ్యాడని గొణుక్కుంటూ అక్కడే నిలబడి తాగి వచ్చేవాడు.

ఇంటి పోలీసు మాత్రం హర్షిణి. సాయంత్రం ఆటో ఆగగానే గడప మీద నిలబడేది.

"బాపు, హా అను."

లింబయ్య వంగి, నోరు తెరిచి, హా అనేవాడు. పిల్ల ముక్కు చిట్లించి వాసన చూసి, "పాస్" అనేది. అప్పుడే లోపలికి రానిచ్చేది. చలికాలం గడిచి, ఎండాకాలం గడిచి, వానలు పడినా పిల్లికూతలు రాలేదు. బడిలో పరుగు పందెంలో ఉరికింది. గెలవలేదు కానీ ఆగిపోకుండా ఉరికింది. ఆ రోజు లింబయ్య ఆటో ఎక్కినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పాడు. దిగిపోయేవాళ్ళను ఆపి మరీ చెప్పాడు.

దసరా ముందర చంద్రయ్య పోయాడు. చాలాకాలంగా దగ్గుతోనే ఉన్నాడు. స్తంభం దాకా నడిచే దమ్ము లేక, చివరి వారం బీడీ కూడా ముట్టలేదు.

మూడొద్దులనాడు, అంటే మూడో రోజున, ఊరి బయట పిట్టకు పెట్టారు. మొగవాళ్ళు మాత్రమే వెళ్ళారు, గంగమణి పిల్లతో ఇంట్లో ఉండిపోయింది. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టారు. అన్నం, కోడికూర, సీసాలో కల్లు, కోడలు చుట్టిన ఒక బీడీల కట్ట. దూరం జరిగి నిలబడ్డారు. కాకులు తుమ్మ చెట్టు మీద ఉన్నాయి. దిగడం లేదు. ఎండ ముదిరింది. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసు ఎక్కడో చిక్కుకుందని అర్థం. అందరూ లింబయ్య వైపు చూడటం మొదలుపెట్టారు.

చిన్నాయన రాజారాం గొంతు సవరించుకున్నాడు. "అరే లింబా, ఉత్త బీడీ వెట్టినవేందిరా? మా అన్న అంటియ్యని బీడి ఎన్నడన్న ముట్టిండా? అంటించి వెట్టు."

"నేనెట్ల అంటిస్త చిన్నాయనా? ఒట్టున్నది."

"అయితే నువ్వన్న అంటియ్యే రాజారాం" అన్నారెవరో.

"నా ఎంగిలి బీడి మా అన్నకు వెట్టుమంటవా? కొడుకుండంగ? గిది తాగుడు లెక్కకు రాదుర. గిది కర్మకాండ. నీ అయ్యకు నువ్వే అంటియ్యాలె."

లింబయ్య కట్ట విప్పి ఒక బీడీ తీశాడు. నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీశాడు. ఒకసారి గుంజాడు. విస్తరి దాకా నాలుగడుగులే, అయినా ఆరిపోతుందేమోనని చిన్నప్పటిలాగే ఇంకోసారి గుంజాడు. ఎర్రటి కొనతో విస్తరి అంచున పెట్టి వెనక్కి వచ్చాడు. ఒక కాకి దిగింది. దానివెంట ఇంకోటి. అందరూ దండం పెట్టుకున్నారు. లింబయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి కోసమే ఏడ్చాడు. కానీ ఛాతీలోకి పోయిన ఆ రెండు దమ్ముల హాయి కూడా అందులో ఉందని అతనొక్కడికే తెలుసు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే జేబులో ఏదో చేతికి తగిలింది. విస్తరిలో ఉండాల్సిన కట్ట జేబులో ఉంది. ఎప్పుడు పెట్టుకున్నాడో తెలియదు. చెవి మీద పెట్టుకున్న బీడీ లాగానే.

ఆ సాయంత్రం పిల్ల హా అనమనలేదు, తాత పోయాడు కదా అని. మర్నాడు అడిగింది. అప్పటికి కట్టలో రెండు తగ్గాయి. లింబయ్య జామాకు నమిలి వచ్చాడు. "పాస్" అంది హర్షిణి.

ఇక అక్కడినుంచి అతని తెలివితేటలు చూడాలి. జానకంపేట రైల్వే గేటు పడితే దిగి, అందరికంటే దూరంగా పోయి తాగేవాడు. తాగేటప్పుడు వేసుకునేందుకు పాత అంగి ఒకటి సీటు కింద డిక్కీలో పెట్టుకున్నాడు. ప్యాసింజర్లు దిగిపోయిన ఖాళీ ఆటోలో, చలికి పక్క తెరలు దించుకుని, లోపలే కూర్చుని తాగేవాడు. వాసన పోవడానికి డాక్టరమ్మ ఇచ్చిన గమ్మే నమిలేవాడు. గమ్ము అయిపోతే వెళ్ళి ఇంకోసారి రాయించుకున్నాడు. "ఇంక నమలుతనే ఉన్నవా? శభాష్ లింబన్నా" అంది ఆమె. తండ్రి నోట మొదట విన్న మాటే, ఇప్పుడు అబద్ధానికి వచ్చింది. అయినా నవ్వి, చీటీ తీసుకుని వచ్చేశాడు. రోజూ పొద్దున అదే ఆటోలో, అవే తెరల మధ్య, హర్షిణిని బడి దగ్గర దింపేవాడు.

చలి ముదిరేసరికి ఈల మళ్ళీ వచ్చింది.

లింబయ్యకు కారణం క్షణంలో అర్థమైంది. తప్పుగా అర్థమైంది. ఒట్టు దాకింది అనుకున్నాడు. పొగ అనుకోలేదు. పొగ దూరంగానే ఊదుతున్నాడు కదా! బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అన్న మాటే లోపలికి పోయి పిల్ల ఊపిరి పట్టుకుందని నమ్మాడు. రహస్యంగా రాజారాం దగ్గరికి పోయి అడిగాడు.

"ఒట్టు దీసి గట్టు మీద వెట్టుమన్నరు పెద్దలు. కాలువ గట్టుకు వోయి కొబ్బరికాయ గొట్టు. విడుస్తది" అన్నాడు రాజారాం.

లింబయ్య నిజాంసాగర్ కాలువ గట్టు మీద నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి, "నా బిడ్డ మీది ఒట్టు గీ గట్టు మీద వెట్టిన" అని మూడుసార్లు అన్నాడు. భారం దిగినట్టయింది. దిగిన భారానికి అక్కడే గట్టు మీద కూర్చుని ఒక బీడీ ముట్టించాడు.

పిల్లికూతలు తగ్గలేదు. దవాఖానాకు పోయారు. డాక్టరమ్మ ఛాతీ విని, లింబయ్య వైపు చూసింది.

"ఏమన్న జారినవా అన్నా? జారితే చెప్పు. మంచిగ చెప్పు."

పక్కన గంగమణి ఉంది. గట్టు మీద ఏం పెట్టినా, ఆమె మనసులో ఒట్టు ఒట్టుగానే ఉంది. ఇప్పుడు అవునంటే ఏమవుతుంది? నా బిడ్డను నువ్వే ఇట్ల జేసినవు అంటుంది. ముత్తవ్వ అరుగు మీదినుంచి అంటుంది. గల్లీ అంతా అంటుంది.

"లేదు మేడం" అన్నాడు.

"ఆయన తప్పడు మేడం. బిడ్డ మీద ఒట్టు వెట్టిండు" అంది గంగమణి.

డాక్టరమ్మ మళ్ళీ ఒకసారి ఛాతీ విన్నది. పొగ లేదంటే ఇంకేదో ఉండాలి. "బీడీలు ఇంట్లో ఎక్కడ కూర్చొని చేస్తవమ్మా?" అని అడిగింది. ఉన్నది ఒకటే గది. తంబాకు సంచి మంచం కింద, పిల్ల తల దగ్గర. "ఆ దుమ్ము గూడ మంచిది కాదు. ముందు దాన్ని ఇంట్లకెల్లి తియ్యాలె" అంది.

గంగమణి ఆ రోజే సంచి, చాట, కత్తెర ముత్తవ్వ అరుగు మీదికి మార్చింది. బయటి గాలికి ఆకు ఎండి చిట్లేది, తంబాకు ఎగిరేది. కార్ఖానాలో సగం బీడీలు తీసిపారేసేవాళ్ళు. అన్నీ భరించింది. పిల్లికూతలు మాత్రం తగ్గలేదు. చీరకు వాసన పడుతుందేమో, చేతులకు పడుతుందేమో అని సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునేది. ఆఖరికి ఒకరోజు కార్ఖానాకు పోయి కార్డు తిరిగి ఇచ్చేసింది. ఈ కాలంలో పనే తక్కువ, ఒకసారి ఇచ్చిన కార్డు మళ్ళీ రాదని అందరూ చెప్పారు. "బిడ్డ కంటె ఎక్కువనా?" అంది.

లింబయ్య అది చూశాడు. ఆమె కార్ఖానాకు పోయింది అతని ఆటోలోనే. దారిలో ఎన్నిసార్లు నోరు తెరిచాడో! ఒకసారి, "ఏమే" అన్నాడు కూడా. "ఏంది?" అంది ఆమె. "ఏం లేదు, బ్రేకు జర గట్టిగున్నది" అన్నాడు.

గంగమణి ఆ చుట్టుపక్కల ఇంకా మిగిలిన కొద్దిపాటి చెరుకు తోటల్లో కలుపుకు పోవడం మొదలుపెట్టింది. చెరుకాకు కత్తిలాంటిది, మోచేతుల దాకా గీతలు పడ్డాయి. అంతకన్నా చూడలేనిది ఇంకొకటి ఉంది. సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు ఆమె వేళ్ళు ఊరుకునేవి కావు. కొంగు చివర పట్టుకుని చుట్టేవి, మడిచేవి, మళ్ళీ విప్పేవి. ఒట్టి కొంగుతో రోజుకు ఎన్ని కట్టలు చేసేదో. లింబయ్య ఆ వేళ్ళను చూడలేక లేచి బయటికి పోయేవాడు. పోయి ఏం చేసేవాడో చెప్పనక్కర్లేదు.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు. హర్షిణికి ఊపిరి అందలేదు. డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. గంగమణి పిల్లను ఒళ్ళో వేసుకుని ఆటోలో కూర్చుంది. చలిగాలి తగలకుండా లింబయ్య రెండు పక్కలా తెరలు దించాడు. ఎడపల్లి దాటేసరికి పిల్ల చేత్తో తెరను తోయడం మొదలుపెట్టింది.

"ఏంది బిడ్డా? సలి వెడుతది" అంది గంగమణి.

"వాసన" అంది హర్షిణి. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంది. "బాపు… వాసన."

ఏళ్ళుగా తంబాకుకు అలవాటు పడిన గంగమణి ముక్కుకు ఏ వాసనా తగల్లేదు. అద్దంలో లింబయ్య కూతురి ముఖం చూశాడు. ఆ పిల్ల అతన్ని చూస్తోంది. తప్పు దొరికిందన్న చూపు కాదది. ఎప్పటినుంచో తెలిసిన సంగతిని చెప్పకుండా దాచుకున్న చూపు. రోజూ సాయంత్రం "పాస్" అంటున్నది వాసన తెలియక కాదని, బాపును బయట నిలబెట్టలేకనని అతనికప్పుడు అర్థమైంది. అతను రెండు తెరలూ పైకి కట్టేసి, ఆ మంచులోనే తోలుకుంటూ పోయాడు.

దవాఖానాలో ముక్కుకు మాస్కు పెట్టి ఆవిరిలాగా మందు పట్టారు. సూది ఇచ్చారు. చాలాసేపటికి డొక్కలు నెమ్మదించాయి. డాక్టర్ శైలజ వాళ్ళిద్దరినీ పక్కకు పిలిచింది. ఆమె ముఖంలో ఎప్పటి నవ్వు లేదు.

"ఇంట్ల పొగ లేదు. తంబాకు గూడ తీసేసిన్రు. మందులు సక్కగనే వాడుతున్నరు. ఇంక ఇట్ల వస్తుందంటే వేరే ఏమన్న ఉన్నదేమో చూడాలె. హైదరాబాద్ పంపుత. పిల్లకు మత్తు ఇచ్చి, గొంతులకెల్లి గొట్టం పంపి ఊపిరితిత్తులు చూస్తరు. భయపడకుండ్రి, కని తప్పదు." ఆగింది. "పంపే ముందు ఒక్కటే అడుగుత. లింబన్నా…"

ఆమె అడగకముందే గంగమణి అందుకుంది. "ఆయననెందుకు మేడం అడుగుడు? ఒట్టు వెట్టిన నుంచి ముట్టలే. గొట్టమేస్తరా, ఏమేస్తరో ఏసుండ్రి. నా బిడ్డ బతకాలె. నేనే పాపం జేసిన, గన్నేండ్లు తంబాకు దుమ్ముల వెట్టి సాదిన."

నేనే పాపం చేశానని ఆమె అన్నప్పుడు లింబయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. గంగమణి అతను ఏడవడానికి పోయాడనుకుంది. కాసేపటికి తిరిగొచ్చాడు. చేతిలో పాత అంగి ఉంది. డాక్టరమ్మ బల్ల మీద, ఒకప్పుడు బీడీ పెట్టిన చోటనే, దాన్ని పెట్టాడు. మడత విప్పనక్కర్లేదు. వాసన గదంతా కమ్మింది.

"గొట్టం ఎయ్యకుండ్రి మేడం" అన్నాడు. "గిది నాది. ప్యాసింజర్లది గాదు."

ఎవరూ నవ్వలేదు.

తండ్రి పిట్టకు పెట్టిన దగ్గర్నుంచి కాలువ గట్టు దాకా అంతా చెప్పాడు. ఒట్టు బిడ్డకు దాకిందని చెప్పాడు. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఒట్టు ఏం జెయ్యలే లింబన్నా. రోజు పొద్దున నువ్వు తెరలు దించుకొని పిల్లను కూర్చోవెట్టిన ఆటో చేసింది. పిట్టకు పెట్టిననాడే వచ్చి చెప్తే నేను నిన్ను ఏమంటుంటి? ఇంకో చీటి రాస్తుంటి. గంతేనాయె." తర్వాత గంగమణి వైపు తిరిగి ఏదో అనబోయి, ఆమె చేతుల మీది గీతలు చూసి ఆగిపోయింది. కార్డు సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. "ఇంటి బయట చేసుకొమ్మన్న గని, పని మొత్తమే ఇడువుమనలేదు గదమ్మా…" అని మెల్లగా అంది.

గంగమణి మొగుణ్ణి తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు లింబయ్య. ఆమె అంగిని బల్ల మీదినుంచి తీసి, బయటికి పోయి, చెత్త డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి పిల్ల మంచం దగ్గర కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు అతని ఆటో ఎక్కలేదు. పిల్లను తీసుకుని బస్సులో వచ్చింది.

ఆమె ఒక్కసారే ఒక మాట అంది. అది కూడా చాలా రోజులకు, అన్నం పెడుతూ. "కార్ఖానా కాడ దింపినవు సూడు. బ్రేకు గట్టిగున్నదంటివి."

ఇప్పుడు లింబయ్య డాక్టరమ్మ చెప్పినట్టే మానుతున్నాడు. అంటే జారుతూ మానుతున్నాడు. జారినప్పుడల్లా ఖలీల్‌వాడికి పోతాడు, పిల్ల లేకుండా ఒక్కడే. చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లుల మధ్య, ఏనుగు బొమ్మలు అతికించిన గోడకు ఆనుకుని కూర్చుంటాడు. "బాబుకు ఏమైంది అన్నా?" అని ఎవరైనా అడుగుతారు. "బాబును నేనే" అంటాడు. మొదటిసారి అందరూ నవ్వారు. ఇప్పుడు కొందరికి అలవాటైంది. ఇద్దరు ముగ్గురు తండ్రులు అతని పక్కన వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, గమ్ము ఎలా నమలాలి అని అడుగుతారు. ఎక్కిళ్ళ సంగతి ముందే చెప్తాడు.

ఆటో తెరలు మార్చాడు, సీటు బట్ట మార్చాడు. హర్షిణి ఛాతీలో ఈల తగ్గింది. పూర్తిగా పోలేదు, చలిగాలికి ఇంకా పలుకుతుంది. బడికి ముత్తవ్వ మనవరాలితో నడిచి పోతుంది. గంగమణి కార్డు కోసం రెండుసార్లు తిరిగింది. కొత్తవి ఇయ్యడం లేదన్నారు. మూడోసారి పోలేదు.

మొన్న సాయంత్రం లింబయ్య ఆటో దిగి, గడప దగ్గర నిలబడి, అలవాటుగా వంగి నోరు తెరిచాడు. హా అన్నాడు. హర్షిణి చాప మీద కూర్చుని బడి లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తలేదు.

"నేను సూడ బాపు. నువ్వే చెప్పు."

లోపల పొయ్యి దగ్గర గంగమణి చేతిలోని గంటె ఆగింది.

"ఇయ్యాల ఒకటి తాగిన బిడ్డా" అన్నాడు లింబయ్య. "జానకంపేట గేటు కాడ."

"మ్" అంది హర్షిణి. లేచి, పుస్తకాలతో సహా చాపను గడపకు దూరంగా, అవతలి గోడ దగ్గరికి జరుపుకుని, మళ్ళీ లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టింది. లింబయ్య గడప బయటే చెప్పులు విప్పి, అంగి విప్పి దండెం మీద వేసి, చల్లనీళ్ళతో తల మీదినుంచి స్నానం చేసి, ఆరేదాకా అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా అనలేదు.